ఇంగ్లండు పల్లెల్లో జడ్పీ ఎన్నికలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, సంక్రాంతి సెలవుల్లో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇంగ్లండులో ఇన్నేళ్లున్నావు కదా, అక్కడి విశేషాలు కాసేపు చెప్పు" అన్నారు. లండన్ బ్రిడ్జీ, రాజుగారి కోటా మీరంతా ఫోన్లలో చూసినవే. నేను మన బడి బోర్డు మీదున్న మాట దగ్గర మొదలుపెడతాను. 'జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల' అని ఉంది. అయిదేళ్లపాటు రోజూ ఆ బోర్డు కింద నుంచి లోపలికి వెళ్లాం. ఆ జిల్లా పరిషత్తు అంటే ఎవరు, దాన్ని ఎవరు ఎన్నుకుంటారు, దాని దగ్గర డబ్బెంత అని మనం ఎవరమూ అడగలేదు. ఇప్పుడు మన జడ్పీ చైర్మన్ ఎవరో తెలిసినవాళ్లు చేతులెత్తండి అని కూడా నేను అడగను లెండి.

ఇంగ్లండులో నాది రోడ్ల పని. కౌంటీ రోడ్ల మరమ్మతులు చూసే ఇంజనీర్లలో ఒకణ్ని. అందువల్ల అక్కడి జడ్పీలతో, అంటే కౌంటీ కౌన్సిళ్లతో, రోజూ పని పడుతుంది. గత ఏడేళ్లలో అక్కడి పల్లెల్లో ఈ కౌన్సిళ్లు ఒక పార్టీ చేతిలో నుంచి ఇంకో పార్టీ చేతిలోకి మారినంతగా నేను వెళ్లిన తర్వాత ఎప్పుడూ మారలేదు. ఈ పూట చెప్పదలచుకున్నది ఆ సంగతే.

ముందు ఏర్పాటు ఏమిటో చెప్పాలి. అక్కడి పల్లెప్రాంతాల్లో చాలాచోట్ల మూడంచెలు. పైన కౌంటీ కౌన్సిల్, మధ్యలో డిస్ట్రిక్ట్ కౌన్సిల్, కింద ప్యారిష్ కౌన్సిల్. జడ్పీ, మండల పరిషత్తు, పంచాయతీ అనుకోండి, పెద్ద తేడా రాదు. రోడ్లు, బడులు, వృద్ధుల సంరక్షణ, తల్లిదండ్రుల దగ్గర ఉండలేని పిల్లల సంరక్షణ కౌంటీ చూస్తుంది. చెత్త ఎత్తడం, ఇళ్లు కట్టుకోవడానికి అనుమతులివ్వడం డిస్ట్రిక్ట్ పని. ఊరి హాలు, ఆటస్థలం, బస్సు షెల్టరు లాంటివి ప్యారిష్ చూసుకుంటుంది. ప్యారిష్ కౌన్సిళ్లు 1894 చట్టంతో పుట్టాయి. పై రెండూ ఇప్పుడున్న రూపానికి వచ్చింది 1974లో.

ఒక్క పెద్ద తేడా ఉంది. అక్కడ కలెక్టరు లేడు. 1772లో వారన్ హేస్టింగ్స్ కాలంలో మనకి కలెక్టర్లను పెట్టిన ఇంగ్లీషువాళ్లు, తమ ఊళ్లకి మాత్రం అలాంటి దొరను పెట్టుకోలేదు. కౌంటీలో పెద్ద అధికారిని కూడా కౌన్సిలే నియమించుకుంటుంది. గెలిచిన సభ్యులు తమలో ఒకరిని నాయకుడిగా ఎన్నుకుంటారు. ఆయన మాటే పైమాట. కనీసం కాగితం మీద అంతే.

ఓటు విషయంలో మనవాళ్లకి పనికొచ్చే మాట ఒకటుంది. కామన్‌వెల్తు దేశాల పౌరులు వీసా మీద ఉన్నా సరే, అక్కడ నివాసముంటే ఓటు నమోదు చేసుకోవచ్చు. భారత పాస్‌పోర్టు చాలు. ఈ సభలో కూర్చున్న వాళ్ల పిల్లలు ఎంతమంది అక్కడ చదువుకుంటున్నారో, ఉద్యోగాలు చేస్తున్నారో! వాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఫోన్ చేసినప్పుడు చెప్పండి. ఓటు వేయడం కూడా నిరాడంబరంగా ఉంటుంది. ఊరి హాల్లోనో చర్చిలోనో ఒక బల్ల, ఒక పెట్టె, దారానికి కట్టిన పెన్సిలు. వేలికి సిరా లేదు. 2023 మే దాకా గుర్తింపు కార్డు కూడా అడిగేవాళ్లు కాదు, పేరూ చిరునామా చెబితే చాలు. అభ్యర్థికి డిపాజిట్టు లేదు. ఇద్దరు ఓటర్లు సంతకం పెడితే నామినేషన్ చెల్లుతుంది. జీపు లేదు, మైకు లేదు, కవరు లేదు. కవరంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక పార్టీల సంగతి. ఇంగ్లండు పల్లెలంటే తరతరాలుగా కన్సర్వేటివ్ పార్టీకి పెట్టని కోట. లేబర్ పార్టీ పట్టణాల్లో, పాత బొగ్గుగనుల ఊళ్లలో బలంగా ఉండేది. నైరుతి కొసన లిబరల్ డెమొక్రాట్లు. మిగతా వ్యవసాయ ప్రాంతమంతా నీలం రంగే. కన్సర్వేటివ్ టిక్కెట్టు వచ్చిందంటే ఎన్నిక అయిపోయినట్టే అనుకునేవాళ్లు.

అది విరగడం 2019 మేలో కనిపించింది. ఒక్క రోజులో కన్సర్వేటివ్‌లు 1300కి పైగా కౌన్సిల్ స్థానాలు పోగొట్టుకున్నారు. 2023లో మళ్లీ వెయ్యికి పైగా. అదే రోజు సఫోక్ కౌంటీలోని మిడ్ సఫోక్ అనే డిస్ట్రిక్టులో, అంటే గోధుమ పొలాలూ చిన్న చిన్న ఊళ్లూ తప్ప పెద్ద పట్టణమే లేని చోట, గ్రీన్ పార్టీ 34లో 24 స్థానాలు గెలిచింది. ఇంగ్లండులో గ్రీన్ పార్టీకి పూర్తి మెజారిటీ వచ్చిన మొదటి కౌన్సిల్ అదే. అది ఒక్క రాత్రిలో వీచిన గాలి కాదు. నాలుగేళ్ల ముందే వాళ్లకి అక్కడ 12 స్థానాలున్నాయి. ఒక వార్డు గెలవడం, అక్కడ పనిచేసి చూపించడం, పక్క వార్డుకి వెళ్లి తలుపు తట్టడం. మా ఇంటి తలుపు సందులోంచి వేసే కరపత్రాలు చూస్తే ఏ పార్టీదైనా ఒకటే. ఒక గోతి పక్కన నిలబడి దానివైపు వేలు చూపిస్తున్న అభ్యర్థి ఫొటో ఉంటుంది. గోతులు పూడ్చే వాణ్ని కాబట్టి, ఆ ఫొటోల్లో మా పనిని గుర్తుపట్టడం నాకు అలవాటైంది.

2025 మే 1న జరిగింది వేరే రకం. ఆ రోజు కౌంటీల ఎన్నికలు. కన్సర్వేటివ్‌లు తమ చేతిలో ఉన్న కౌన్సిళ్లన్నీ పోగొట్టుకున్నారు, ఒక్కటీ మిగల్లేదు. నైజెల్ ఫరాజ్ నాయకత్వంలోని రిఫార్మ్ యూకే పార్టీ 677 స్థానాలు గెలిచి పది కౌన్సిళ్లు పట్టుకుంది. లింకన్‌షైర్, స్టాఫర్డ్‌షైర్, డెర్బీషైర్, కెంట్ అందులో ఉన్నాయి. ష్రాప్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్, కేంబ్రిడ్జ్‌షైర్ లిబరల్ డెమొక్రాట్ల వశమయ్యాయి. కార్న్‌వాల్లో 87లో 28 స్థానాలతో రిఫార్మ్ పెద్ద పార్టీగా వచ్చినా, లిబరల్ డెమొక్రాట్లు స్వతంత్రులతో కలిసి పాలన చేపట్టారు. ఆ తంతు మనకి అర్థం కానిది కాదు.

కెంట్ లెక్క మా లెక్కల మాస్టారి ముందు పెట్టాలని ఉంది. 1997 నుంచి కన్సర్వేటివ్‌ల చేతిలో ఉన్న కౌంటీ అది. 81 స్థానాల్లో రిఫార్మ్‌కి 57 వచ్చాయి. అరవైకి పైగా ఉన్న కన్సర్వేటివ్‌లకి మిగిలినవి 5. మరి రిఫార్మ్‌కి పడిన ఓట్లు? నూటికి 37. ఓట్లు 37 శాతం, సీట్లు 70 శాతం. అసలు కౌన్సిల్ ఎన్నికల్లో ఓటేసేది మూడోవంతు జనమే కాబట్టి, నూరుమంది ఓటర్లలో పన్నెండు పద్నాలుగు మంది ఓటుతో కౌంటీ మొత్తం చేతికొచ్చిందన్నమాట. ఇది మోసం కాదు, పద్ధతి అంతే. ఎక్కువ ఓట్లొచ్చినవాడు గెలిచే పద్ధతిలో ఇద్దరు పోటీపడినప్పుడు గెలవడానికి సగం కావాలి. అయిదు పార్టీలు పోటీపడితే మూడోవంతు చాలు. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే, స్తంభం మీద బరువు పెంచుతూ పోతే చాలాసేపు ఏమీ కనిపించదు. ఒక హద్దు దాటాక ఒక్కసారిగా వంగిపోతుంది. కన్సర్వేటివ్‌ల ఓటు ఏళ్ల తరబడి తరుగుతూనే ఉంది. సీట్లు మాత్రం ఒక్క రోజులో పోయాయి.

ఒక్క ఓటు విలువ కూడా అక్కడే చూశాను. 2017లో నార్తంబర్లాండ్ కౌంటీలో 67 స్థానాలకి ఎన్నికలు జరిగాయి. ఒక వార్డులో కన్సర్వేటివ్‌కీ లిబరల్ డెమొక్రాట్‌కీ సమానంగా ఓట్లొచ్చాయి. మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు, తేడా రాలేదు. చివరికి పుల్లలు పట్టుకొచ్చి, ఎవరికి పొడుగు పుల్ల వస్తే వాళ్లు గెలిచినట్టు అన్నారు. పుల్ల లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థికి వచ్చింది. కన్సర్వేటివ్‌లు 33 దగ్గర ఆగిపోయారు. మెజారిటీకి కావలసింది 34. ఒక కౌంటీ పూర్తిగా ఎవరి చేతిలో ఉండాలన్నది పుల్లతో తేలింది.

ఇంతవరకూ గెలుపోటముల కథ. గెలిచిన మర్నాడు ఏమవుతుందన్నది ఎవరూ పెద్దగా చెప్పరు. మా పని ఆ మర్నాడే మొదలవుతుంది.

పార్టీ మారిన ఒక కౌంటీలో, రోడ్ల బాధ్యత తీసుకున్న కొత్త సభ్యుడితో మొదటి సమావేశానికి వెళ్లాను. గది పాతదే, అధికారులూ పాతవాళ్లే, గోడకి వేసిన బడ్జెట్ పట్టిక కూడా పాతదే. ఆయన పెద్దమనిషి. ఊళ్లో ఇంటింటికీ తిరిగి గెలిచాడు, గోతులన్నీ పూడ్పిస్తానని మాటిచ్చాడు. పట్టిక పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. వృద్ధుల సంరక్షణ, పిల్లల సంరక్షణ అన్న రెండు పద్దుల్లోనే మూడింట రెండు వంతుల డబ్బు పోయింది. కొన్ని కౌంటీల్లో అంతకన్నా ఎక్కువే పోతుంది. అవి చట్టప్రకారం చేయాల్సినవి, తగ్గించడానికి లేదు. పోనీ పన్ను పెంచుదామా అన్నాడు. సంరక్షణ బాధ్యత ఉన్న కౌన్సిళ్లకి ఏడాదికి 5 శాతం హద్దు, అది దాటాలంటే ఊరందరి చేతా ఓటు వేయించాలి. పైగా ఆ పన్ను ఇంటి విలువను బట్టి. ఆ విలువ 1991 ఏప్రిల్ నాటిది. ముప్పై అయిదేళ్లయినా తిరగరాసే ధైర్యం ఏ ప్రభుత్వానికీ రాలేదు. అన్నీ విని ఆయన మెల్లిగా నన్ను అడిగాడు: "గోతి అంటే ఎంత లోతు?" చాలా కౌంటీల్లో 40 మిల్లీమీటర్లుంటేనే గోతి కింద లెక్క, అంతకన్నా తక్కువైతే అది గతుకు. "ఆ కొలత ఎవరు పెట్టారు?" అన్నాడు. మీ కౌన్సిలేనండీ అన్నాను. గది మొత్తం నవ్వింది, ఆయన కూడా నవ్వాడు.

కౌన్సిల్ చేతిలో లేని కోపాలు కూడా ఓట్లుగా పడతాయి. నదుల్లోకి మురుగు వదులుతున్నారన్న కోపం లిబరల్ డెమొక్రాట్లకి దక్షిణ ఇంగ్లండులో ఎన్నో స్థానాలు తెచ్చింది. మురుగు పని ప్రైవేటు నీటి కంపెనీలది, కౌన్సిల్‌ది కాదు. సముద్రం దాటి చిన్న పడవల్లో వచ్చేవాళ్ల మీద కోపం కెంట్‌లో రిఫార్మ్‌ని గెలిపించింది. సరిహద్దు కాపలా కౌంటీ పని కాదు. తల్లిదండ్రులు లేకుండా డోవర్‌లో దిగిన పిల్లలకి తిండీ నీడా చూసే చట్టబద్ధమైన బాధ్యత మాత్రం కెంట్ కౌంటీదే. దాన్ని ఏ పార్టీ గెలిచినా తప్పించుకోలేదు. దుబారా తగ్గిస్తామని వచ్చిన ఆ పార్టీలో, ఆర్నెల్లు తిరక్కుండానే లోపలి సమావేశంలో జరిగిన రభస వీడియో బయటికొచ్చింది, కొందరు సభ్యుల్ని సస్పెండ్ చేశారు.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది అట్లస్‌ఫర్డ్ అనే డిస్ట్రిక్టు. ఎసెక్స్ కౌంటీలో ఉంది. స్టాన్‌స్టెడ్ విమానాశ్రయం అక్కడే. పొలాల్లో వేలాది కొత్త ఇళ్లు రావడం, విమానాశ్రయం పెరగడం ఊళ్లవాళ్లకి నచ్చలేదు. కన్సర్వేటివ్ కౌన్సిల్ 2018లో విమానాశ్రయ విస్తరణకి సుముఖత చూపింది. జనం పార్టీలన్నిటినీ పక్కన పెట్టి, 'రెసిడెంట్స్ ఫర్ అట్లస్‌ఫర్డ్' అన్న స్థానికుల సంఘాన్ని 2019లో 39కి 26 స్థానాలతో గెలిపించారు. కొత్త కౌన్సిల్ 2020 జనవరిలో విస్తరణ కుదరదని తీర్మానించింది. విమానాశ్రయంవాళ్లు అప్పీలుకి వెళ్లారు. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు 2021 మేలో విస్తరణకి అనుమతిచ్చేశారు. పైగా అవతలివాళ్ల ఖర్చులు కూడా కౌన్సిలే కట్టుకోవాలన్నారు. కౌన్సిల్ కాదన్న పెద్ద దరఖాస్తులు అప్పీళ్లలో మరీ ఎక్కువగా నెగ్గుతున్నాయన్న కారణంతో, 2022లో ప్రభుత్వం ఆ డిస్ట్రిక్టుకి ఒక ముద్ర వేసింది. దాంతో పెద్ద దరఖాస్తులు కౌన్సిల్‌ని దాటి నేరుగా ఇన్‌స్పెక్టర్లకే ఇచ్చుకునే వీలు వచ్చింది. అంటే, కాదనమని జనం ఓటేశారు, కాదన్నందుకు ఆ అధికారమే చేజారింది. అయినా 2023లో జనం మళ్లీ ఆ స్థానికుల సంఘానికే మెజారిటీ ఇచ్చారు. మొండితనం అనేవాళ్లున్నారు. నాకు మాత్రం వాళ్లు మొండివాళ్లుగా కనిపించలేదు. తమ మాట చెల్లకపోయినా చెప్పేవాడొకడు ఉండాలనుకున్నారు, అంతే.

ప్యారిష్ కౌన్సిళ్ల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. దేశంలో పదివేలదాకా ఉన్నాయి. అక్కడ ఎక్కువచోట్ల ఎన్నికే జరగదు. మనకైతే ఏకగ్రీవానికి ప్రభుత్వం ప్రోత్సాహకం ఇస్తుంది, వేలంపాటలు కూడా విన్నాం. అక్కడ డబ్బూ లేదు, పాటా లేదు. నిలబడేవాళ్లే తక్కువ. సీటు ఖాళీగా ఉంటే ఊళ్లో ఎవరినో బతిమాలి కూర్చోబెడతారు. సోమర్సెట్‌లోని ఫ్రూమ్ పట్టణం వాళ్లు దీన్ని తిరగేశారు. పార్టీలు వద్దనుకున్న కొందరు కలిసి 2011లో టౌన్ కౌన్సిల్లో 17కి 10, 2015లో మొత్తం 17 గెలిచారు. మన సర్పంచి ఎన్నికకి కూడా పార్టీ గుర్తులుండవు. కానీ ఫలితాలు రాగానే ఏ పార్టీ ఎన్ని పంచాయతీలు గెలిచిందో టీవీల్లో లెక్కలొస్తాయి. ఫ్రూమ్‌లో అలా లెక్కవేయడానికి ఏమీ మిగల్లేదు.

చివర్లో చెబుతానన్న సంగతి ఇప్పుడు చెబుతాను.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, 1985లో, రామారావుగారి ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. మా నాన్న పొలం కాగితాల కోసం తాలూకా ఆఫీసుకి రెండు బస్సులు మారి వెళ్లేవాడు. మండలం వచ్చాక సైకిల్ మీద వెళ్లొచ్చాడు. ఆ ఆఫీసులో పని జరిగిందా లేదా అన్నది వేరే కథ. దూరం మాత్రం తగ్గింది. 2019లో ఆంధ్రలో సచివాలయాలు పెట్టినప్పుడు ఆఫీసు ఇంకా దగ్గరకొచ్చింది. వాటి మంచిచెడ్డల మీద ఈ సభలోనే రెండు పక్షాలున్నాయని నాకు తెలుసు.

ఇంగ్లండు సరిగ్గా ఇటుది అటు చేస్తోంది. ఖర్చు తగ్గుతుందని చెప్పి కౌంటీనీ డిస్ట్రిక్టులనీ కలిపి ఒకే కౌన్సిల్ చేస్తున్నారు. 2023 ఏప్రిల్‌లో నార్త్ యార్క్‌షైర్ కౌంటీనీ దాని కింది ఏడు డిస్ట్రిక్టులనీ కలిపేశారు. ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లు, 90 మంది సభ్యులు. మన పాత కృష్ణా జిల్లా అంతకన్నా కాస్త పెద్దది, అందులో దాదాపు యాభై మండలాలుండేవి. జనం అక్కడ చాలా తక్కువ, నిజమే. కానీ కొండ అవతలి లోయలో ఉన్న రైతుకి దూరం దూరమే కదా. 2024 డిసెంబరులో ప్రభుత్వం ఈ పద్ధతిని రెండంచెలున్న మిగతా కౌంటీలన్నిటికీ వర్తింపజేస్తామంది. ఒక్కో కౌన్సిల్ కింద సుమారు అయిదు లక్షల జనాభా ఉండాలన్నది మొదట పెట్టుకున్న లెక్క. ఈ మార్పు కోసమే 2025లో తొమ్మిది కౌన్సిళ్లకి ఎన్నికలు వాయిదా వేశారు. పల్లెలు నిండుగా ఉన్న నార్ఫోక్, సఫోక్, ఎసెక్స్ అందులో ఉన్నాయి. గ్రీన్ పార్టీ అంత కష్టపడి ఒక్కో వార్డూ పోగేసి గెలుచుకున్న మిడ్ సఫోక్ కౌన్సిల్, ఎన్నికలో ఓడిపోకుండానే మాయమవబోతోంది. అట్లస్‌ఫర్డ్ కూడా అంతే.

రోడ్ల ఇంజనీరుగా నాకు పెద్ద కౌన్సిలే సుఖం. ఒకే కాంట్రాక్టు, ఒకే కొలత, ఒకే సంతకం. ఆ వాదనలో నిజముంది, నేను కాదనను. 2018లో నార్తాంప్టన్‌షైర్ కౌంటీ కౌన్సిల్ డబ్బు లేక చేతులెత్తేసింది. అంతకు ముందు ఏడాదే 5 కోట్ల 30 లక్షల పౌండ్లు పెట్టి కొత్త ఆఫీసు కట్టుకున్న కౌన్సిల్ అది. 2021లో దాన్నే రద్దుచేసి రెండు కౌన్సిళ్లు పెట్టారు. 2025లో ఆ రెండూ రిఫార్మ్ పరమయ్యాయి. పెద్దదైతే బాగుపడుతుందని గానీ, చిన్నదైతే నిజాయితీగా ఉంటుందని గానీ నాకు నమ్మకం లేదు. కానీ ఊళ్లో గోతి గురించి అడగడానికి, సంతలోనో పబ్బులోనో ఎదురుపడే మనిషి ఒకడున్నాడు చూశారా, అతని వార్డు రెట్టింపైతే ఎదురుపడడు. ఏ పార్టీ వాడైనా సరే.

లండన్ పక్కనున్న సర్రే కౌంటీ ముందుగా ఈ దారిన వెళ్తోంది. కౌంటీ కౌన్సిల్, దాని కింది 11 డిస్ట్రిక్టులూ పోయి, తూర్పు సర్రే, పడమటి సర్రే అని రెండే ఉంటాయి. వాటికి తొలి ఎన్నిక 2026 మే 7న, పాతవి మూతపడేది 2027 ఏప్రిల్‌లో. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి ఓటు నమోదు సంగతి చెప్పడం మర్చిపోకండి.

మాస్టారు గడియారం వంక రెండోసారి చూశారు. ప్రశ్నలుంటే భోజనాల దగ్గర మాట్లాడుకుందాం. సెలవు.